షుగర్ ఉన్న పిల్లని వారం రోజుల సమ్మర్ క్యాంపుకి పంపడం: రెండు నెలల ముందు నించి తిరిగొచ్చాక రెండ్రోజుల దాకా

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం, రోజూ బయట్నించి ఇవ్వాల్సిందే) అని తేలింది. పదకొండో ఏట మొదటిసారి వారం రోజుల క్యాంపుకి వెళ్ళింది, ఈ మధ్యలో ఐదేళ్ళు దాని షుగర్ నేనో వాళ్ళ నాన్నో తప్ప ఇంకెవరూ చూసింది లేదు. క్యాంపు ఫారమ్ నింపుతుంటే "రాత్రి ఇన్సులిన్ ఎంత, ఎప్పుడెప్పుడు తగ్గిస్తారు" అని ఒక గడి ఉంది, అక్కడ నా పెన్ను ఆగిపోయింది. ఎంతో తెలుసు, ఎప్పుడు తగ్గిస్తానో కూడా తెలుసు, కానీ దాన్ని మాటల్లో ఎప్పుడూ పెట్టలేదు, ఆ రోజు ఎంత ఆడిందో గుర్తు చేస్కుని, మొహం ఒకసారి చూసి, ఒక యూనిట్ తగ్గించేస్తా, అంతే. బ్యాగ్ సర్దడం చిన్న పని అని అప్పుడర్థమైంది. నా బుర్రలో ఉన్నదంతా బయటికి తీసి కొంత కాగితం మీద, కొంత పిల్ల చేతిలో, కొంత అక్కడి పెద్దవాళ్ళ దగ్గర పెట్టాలి, అదీ అసలు పని. రెండు నెలలు పట్టింది. ఏం చేశామో, ఎక్కడ బోల్తా పడ్డామో వరసగా రాస్తున్నా. డోసుల అంకెలు మాత్రం మీ పిల్లకి మీ డాక్టరే చెప్పాలి, నేను రాసేవి డాక్టర్ని ఏం అడగాలో తెలియడానికి.

మొదటి పని: క్యాంపు వాళ్ళని ప్రశ్నలడగడం (రెండు నెలల ముందు)

డయాబెటిస్ ఉన్న పిల్లల కోసమే పెట్టే క్యాంపులు కొన్ని ఉంటాయి. ఇదేం కొత్త సంగతి కాదు, మనిషికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922లో అయితే 1925 కల్లా అమెరికాలో మిషిగన్‌లో లెనర్డ్ వెంట్ అనే డాక్టరు ఇలాంటి క్యాంపు మొదలుపెట్టేశారు. అలాంటి చోట డాక్టర్లు నర్సులు అక్కడే ఉంటారు, చుట్టూ ఉన్న పిల్లలందరూ సూదులేస్కునే వాళ్ళే, కాబట్టి మొదటిసారికి అది దొరికితే అదే మేలు. దొరక్కపోయినా మామూలు క్యాంపుకి పంపకూడదని ఏం లేదు, మేము పంపింది మామూలు దానికే.

అడగాల్సినవి: నర్సు పగలు మాత్రమే ఉంటారా రాత్రి కూడా ఉంటారా, పిల్లలు పడుకునే గదిలో ఏ పెద్దవాళ్ళు పడుకుంటారు, రాత్రి రెండింటికి లేచి షుగర్ చూడ్డానికి ఒప్పుకుంటారా, గ్లూకగాన్ (షుగర్ ప్రమాదకరంగా పడిపోతే పైకి తేవడానికిచ్చే అత్యవసర మందు) ఇవ్వడం వచ్చినవాళ్ళు ఎంతమంది, ఆస్పత్రికి ఎన్ని నిమిషాలు, ఫ్రిజ్ ఎక్కడుంది, దాని తాళం ఎవరి దగ్గరుంటది, సెన్సర్ (ఒంటికి అంటించుకుంటే షుగర్ ఎంతో చూపిస్తూ ఉండేది) ఫోన్‌తోనే నడుస్తుంటే పిల్ల దగ్గర ఫోన్ ఉండనిస్తారా (చాలా క్యాంపుల్లో ఫోన్లు లాగేస్కుంటారు, సెన్సర్‌కి విడిగా రిసీవర్ ఉంటే అది పంపండి), వారం మెనూ ముందే ఇస్తారా, రోజు షెడ్యూల్ ఇస్తారా.

జవాబు ఏంటన్నదానికన్నా జవాబు చెప్పే తీరు చూడండి. "ఏం కంగారు పడకండి, మేం చూస్కుంటాం" అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు భయం. మేము చివరికి ఒప్పుకున్న చోట మాతో మాట్లాడినావిడ నన్నే ఎదురు ప్రశ్నలేసింది, పాప లో అయితే, అంటే షుగర్ మరీ పడిపోతే, తనకి తెలుస్తుందా, తెలియకుండా పడిపోతుందా అని. ఆ ప్రశ్న అడిగారంటే వాళ్ళకి విషయం తెలుసన్నట్టు.

రెండో పని: డాక్టర్ దగ్గర కూర్చోవడం (ఆరు వారాల ముందు)

మామూలు చెకప్‌లో కలిపేయకండి, క్యాంపు కోసమే విడిగా టైం తీస్కోండి, వెళ్ళేటప్పుడు క్యాంపు షెడ్యూల్ ప్రింట్ తీస్కెళ్ళండి. అసలు మాట్లాడాల్సింది ఆట గురించి. ఇంట్లో పిల్ల రోజుకి గంట ఆడుతుంది, అక్కడ పొద్దున ట్రెక్కింగ్ మధ్యాహ్నం ఈత సాయంత్రం ఇంకేదో, రోజంతా కదులుతూనే ఉంటుంది. ఆడేటప్పుడు కండరాలు గ్లూకోజ్ లాక్కుంటాయి, అది అందరికీ తెలిసిందే, కానీ ఆట ఆగాక కూడా అవి ఖర్చయిన నిల్వల్ని మళ్ళీ నింపుకుంటూ రక్తంలోంచి లాగుతూనే ఉంటాయి, ఆ ప్రభావం 24 గంటల దాకా ఉండొచ్చు. అందుకే ఆడినప్పుడు బాగానే ఉన్న పిల్ల తెల్లవారుజామున లో అవుతుంది. పైగా అది రోజుకి రోజు పేరుకుంటూ పోతుంది, మొదటి రోజు సరిపోయిన డోసు మూడో రోజుకి ఎక్కువైపోవచ్చు.

దీనికోసం చాలామంది డాక్టర్లు బేసల్ ఇన్సులిన్ (భోజనంతో సంబంధం లేకుండా రోజంతా మెల్లిగా పనిచేసేది) 10 నించి 20 శాతం తగ్గించి మొదలుపెడతారు, మరీ చురుకైన క్యాంపు అయితే ఇంకా ఎక్కువ కూడా తగ్గిస్తారు. ఎప్పట్నించి తగ్గించాలో కూడా అడగండి, ఎందుకంటే బేసల్‌కి వాడే కొన్ని లాంగ్ యాక్టింగ్ (చాలాసేపు పనిచేసే) ఇన్సులిన్లలో ఈరోజు డోసు మార్చితే దాని పూర్తి ఫలితం రెండు మూడు రోజులకి గానీ కనపడదు. ఇన్సులిన్ పంపు (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఇన్సులిన్ ఎక్కించే మెషీన్) ఉంటే టెంపరరీ బేసల్, అంటే కాసేపటికి మార్చి పెట్టే బేసల్, ఎంత శాతం, ఎన్ని గంటలు. భోజనం ముందు డోసు, తర్వాత ఆట ఉంటే ఎంత తగ్గించాలి. హై వచ్చినప్పుడు, అంటే షుగర్ మరీ పెరిగినప్పుడు, కరెక్షన్ (దాన్ని దించడానికి వేసే అదనపు డోసు) మొత్తం ఇవ్వాలా, రాత్రి పూట సగమే ఇవ్వాలా. పడుకునే ముందు ఎంత ఉంటే ఏమైనా తినిపించి పడుకోబెట్టాలి.

ఆట మొదలెట్టే ముందు షుగర్ మామూలుగా 126 నించి 180 (mg/dL) మధ్య ఉంటే హాయి అంటారు, 90 కన్నా తక్కువుంటే ముందు 10 నించి 20 గ్రాముల గ్లూకోజ్ పడాలి, 270 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరేవి, ఎక్కువైతే ప్రమాదం) చూడాలి. ఈ అంకెలు మీ పిల్లకి ఇవేనా, ఏమన్నా మార్చాలా అని అడిగి రాయించుకోండి. ఇంకో మాట, ఆ వారం షుగర్ అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టకండి. కాస్త పైనే ఉండనివ్వమని మా డాక్టర్ అంటే నాకు మొదట్లో నచ్చలేదు, ఐదేళ్ళ నించి కాపాడుకొస్తున్న గ్రాఫ్ కదా మరి. కానీ వారం రోజులు 180 దగ్గర తిరిగితే వచ్చే నష్టం కన్నా కొత్తవాళ్ళ మధ్య అర్ధరాత్రి 45కి పడిపోతే వచ్చే నష్టం పెద్దది.

ప్రిస్క్రిప్షన్లు, గ్లూకగాన్, టీకాల కాగితాలు అన్నీ ఆరోజే తెచ్చేస్కోండి.

మూడో పని: ఆ కాగితం

మేము మొదట నాలుగు పేజీలు రాశాం. చాలా బాగా రాశాం అనుకున్నాం కూడా. మా చెల్లెలికిచ్చి చదవమంటే రెండో పేజీలో ఆపేసి "అక్కా, ఇప్పుడు పాప కళ్ళు తిరుగుతున్నాయంటే నేనేం చెయ్యాలి, అది ఎక్కడుంది ఇందులో" అంది. మూడో పేజీలో ఉంది. చించేసి ఒక్క పేజీ చేశాం, పెద్దక్షరాలతో, పైన ఫోటో, ప్రమాదం ఏదైతే అది అన్నిటికన్నా పైన.

స్పృహ లేకపోయినా, మింగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా: నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు. గ్లూకగాన్ ఇవ్వాలి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి ఎందుకంటే తర్వాత వాంతి అవ్వొచ్చు, అంబులెన్స్ పిలవాలి. ఇంజెక్షన్ రకమైతే మామూలుగా 25 కిలోల లోపు పిల్లలకి అర మిల్లీగ్రామ్, అంతకన్నా బరువుంటే ఒకటి. ముక్కులో కొట్టే పౌడర్ రకం 3 మిల్లీగ్రాములది ఒకే డోసు, కొత్తవాళ్ళకి అది సులువు. మీ దగ్గర ఏదుందో దాని బొమ్మ కూడా కాగితం మీద అంటించండి.

70 కన్నా తక్కువ: 15 గ్రాముల త్వరగా కరిగే చక్కెర, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడు, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వు. చిన్న పిల్లలకి 15 కాదు, ఇంకా తక్కువ చాలు, డాక్టర్ని అడిగి మీ పిల్ల అంకె రాయండి. గ్లూకోజ్ బిళ్ళ ఒక్కోటి 4 గ్రాములదైతే నాలుగు బిళ్ళలు. చాక్లెట్ వద్దు అని విడిగా రాయండి, అందులో కొవ్వు వల్ల చక్కెర మెల్లిగా ఎక్కుతుంది, కానీ కంగారులో అందరి చెయ్యీ ముందు చాక్లెట్ మీదకే పోతుంది. 54 లోపు అయితే పెద్దది, వెంటనే నర్సుకి చెప్పాలి.

దీని కింద అండర్‌లైన్ చేసి ఒక లైను రాశాం, మీరూ రాయండి: లో అయిన పిల్లని ఒక్కదాన్నే నర్సు గదికి నడిపించొద్దు, నర్సే రావాలి, మీటరే రావాలి, చక్కెరే రావాలి. లో అయిన పిల్ల దారి మధ్యలో కూలబడుతుంది, ఎవరికీ తెలియదు.

250 దాటి దిగకపోతే, లేదా వాంతులు, కడుపునొప్పి ఉంటే: కీటోన్లు. రక్తంతో చూసే మీటరైతే 0.6 లోపు మామూలు, 1.5 దాటితే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే, 3 దాటితే ఆస్పత్రికి. ఒంట్లో బాలేదు, తినట్లేదు కదా అని లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఎగ్గొట్టకూడదు, ఇది మాత్రం లావు అక్షరాల్లో, ఎందుకంటే ఏమీ తినని పిల్లకి సూది ఎందుకు అని మంచి మనసుతోనే ఆపేస్తారు. మీ మీటర్ వేరే లెక్కలో (mmol/L) చూపించేదైతే 70 అంటే 3.9, 250 అంటే దాదాపు 14, ఏ లెక్కో కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

చివర్న మీ పిల్ల గుర్తులు. ఏ పుస్తకంలోనూ ఉండవివి. కొందరు పిల్లలు లో అయితే ఊరికే పోట్లాడతారు, కొందరు నవ్వుతూనే ఉంటారు. మా అమ్మాయి మాట్లాడకుండా అయిపోతుంది. అదే రాశాను: "లో అయితే చెప్పదు, మౌనంగా ఉంటుంది, మౌనంగా ఉంటే చెక్ చెయ్యండి."

నాలుగో పని: రిహార్సల్ (నెల ముందు నించి)

క్యాంపు కదా అని కొత్తవి నేర్పించేద్దాం అని నాకూ అనిపించింది, వద్దు. ఇంట్లో చెయ్యని పని అక్కడ కొత్త చోట, నిద్రలేమిలో, స్నేహితుల మధ్య చేస్తుందనుకోవడం పిల్లకి అన్యాయం. సూది తనే వేస్కోగలదు, వేలు తనే గుచ్చుకోగలదు, డోసు ఎంతో చెప్పగలదు కానీ ఒక పెద్దవాళ్ళు చూసి ఊ అనాలి, ఇలా ఏది తన పని, ఏది పెద్దవాళ్ళ పని అని గీత గీసి ఆ గీతని కాగితం మీదా పెట్టాం. పంప్ వాడే పిల్లలైతే సెట్ (పంపు నించి ఇన్సులిన్ ఒంట్లోకి పంపే భాగం, తరచూ మార్చాలి) మార్చడం ఎవరు చేస్తారో అది కూడా.

తర్వాత ఒక శనివారం పొద్దుట్నించి ఆదివారం పొద్దుటి దాకా నేను నోరు మెదపకూడదని పందెం. అది అడిగితేనే జవాబు. తూకం మెషీన్ లేదు, ప్లేట్ చూసి కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెర) అంచనా కట్టాలి, గుప్పెడు ఎంత, కప్పు ఎంత అని. మధ్యాహ్నం అంచనా తప్పింది, 240 అయింది, నేను నోరు నొక్కుకుని కూర్చున్నా. సాయంత్రానికి తనే చూస్కుని కరెక్షన్ ఎంతో అడిగింది. ఆ రోజు నేను మాట్లాడుంటే ఏమీ నేర్చుకునేది కాదు, ఇది నా గొప్ప కాదు, పందెం ఉంది కాబట్టి ఆగాను.

చిన్న చిన్న తప్పులు కూడా ఇప్పుడే బయటపడతాయి. ఇన్సులిన్ పెన్నుతో గుచ్చుకునే ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూడాలన్నది మానేసింది, గుచ్చాక పది లెక్కపెట్టకుండా లాగేస్తోంది, ఒకే చోట గుచ్చి గుచ్చి అక్కడ గట్టిపడింది, గట్టిపడ్డ చోట ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. పరిగెత్తబోయే ముందు తొడలో వేస్కుంటే ఇన్సులిన్ త్వరగా ఎక్కేస్తుంది, పొట్ట మీద వేస్కోమని చెప్పాం. పండు తిన్న చేత్తో చూస్కుంటే షుగర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, చెయ్యి కడుక్కోవాలి.

ఇంకొకటి కూడా సాధన చేయించండి, గట్టిగా చెప్పడం. "నాకు లో అయింది, నేనిప్పుడు ఆగాలి." ఆట మధ్యలో, పెద్దవాళ్ళ మాటల మధ్యలో, బస్సులో. సిగ్గుపడే పిల్లలకి సూది కన్నా ఇదే కష్టం. స్నేహితులు అడిగితే చెప్పడానికి ఒక రెండు వాక్యాలు తనే తయారుచేస్కుంది, అంటుకోదు, చక్కెర ఎక్కువ తిని రాలేదు, ఇది సెన్సర్, ముట్టుకోవచ్చు కానీ పీకొద్దు.

తర్వాత రెండు రాత్రులు మా చెల్లెలి ఇంట్లో. అక్కడ రిహార్సల్ మా చెల్లెలికి, ఇంకా చెప్పాలంటే నాకు. డేటు అయిపోయిన గ్లూకగాన్ కిట్ ఉంటే పారెయ్యకండి, దాన్ని ఒక దిండు మీద కలిపి గుచ్చి చూపిస్తే వంద మాటలు చెప్పక్కర్లేదు.

ఐదో పని: సామాను

లెక్క సింపుల్, వారానికి పట్టేదానికి రెట్టింపు, రెండు సంచుల్లో. రోజుకి నాలుగు సూదులైతే వారానికి 28, కాబట్టి 56 నీడిల్స్. ఇంట్లో రోజుకి ఆరుసార్లు చూస్తే అక్కడ పది అనుకోండి, వారానికి 70, 150 స్ట్రిప్స్ పెట్టండి, సెన్సర్ ఉన్నా సరే. పంపు సెట్లు రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున నాలుగైతే ఎనిమిది. రెండో మీటరు, బ్యాటరీలు, ఛార్జర్, కీటోన్ స్ట్రిప్స్, అదనపు సెన్సర్, అంటించే టేపులు, వాడిన సూదులకి గట్టి డబ్బా. గ్లూకగాన్ రెండుంటే ఒకటి నర్సు దగ్గర, ఒకటి పిల్లతో పాటు తిరిగే పెద్దవాళ్ళ దగ్గర. గ్లూకోజ్ బిళ్ళలు మాత్రం లెక్క లేకుండా, ప్రతి జేబులో, పక్క ప్రతి స్నేహితురాలి జేబులో.

పంపు వాడే పిల్లలకి కూడా ఇన్సులిన్ పెన్నులు, లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ తప్పకుండా ఉండాలి. పంపులో ఉండేది రాపిడ్ (త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్) ఒక్కటే, అది ఆగిపోయిందంటే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. పంపు సెట్టింగులన్నీ కాగితం మీద రాసి పెట్టండి, పంపు చచ్చిపోతే అవి కూడా దాంతోనే పోతాయి.

వయల్, సిరంజి వాడేవాళ్ళు ఒకటి రెండుసార్లు చూస్కోండి: మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్‌కి 40 సిరంజే, 100కి 100 సిరంజే. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది. అందుకే సిరంజిలు కూడా ఇంటి నించే పంపండి, అక్కడ ఉన్నవి వాడొద్దని రాయండి.

తెరవని ఇన్సులిన్ 2 నించి 8 డిగ్రీల మధ్య, కానీ ఫ్రీజర్‌కి ఆనకుండా, ఒకసారి గడ్డ కట్టిందంటే కరిగినా పనికిరాదు. వాడుతున్నది చాలా రకాలకి 30 డిగ్రీలు దాటకుండా 28 రోజులు బయట ఉండొచ్చు, మీ పెట్టె మీద ఏముందో చూడండి. ఎండలో ఆగిన బస్సులో, టెంట్‌లో ఆ 30 ఎప్పుడో దాటిపోతుంది. నీళ్ళలో తడిపి వాడే కూలింగ్ పౌచ్‌లు బావుంటాయి కానీ అవి తడి ఆరుతుంటేనే చల్లబరుస్తాయి, వాటిని గాలాడని డబ్బాలో పెట్టి మూతేస్తే ఉత్త తడి గుడ్డే. ఐస్ మీద నేరుగా పెట్టొద్దు. ప్రయాణంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలోకో విమానం లగేజీలోకో పోకూడదు. దోమల మందు, సన్‌స్క్రీన్ కొన్నిటికి పంపు ప్లాస్టిక్ పగులుతుంది, రాసుకున్నాక చేతులు తుడుచుకుని అప్పుడు పంపు ముట్టుకోమనండి.

బట్టల సంగతి మీకు తెలుసు. షూ మాత్రం కొత్తవి వద్దు, అలవాటైనవే.

ఆరో పని: అప్పగించే రోజు

గేటు దగ్గర హడావిడిలో కాదు, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి. నర్సుతో పాటు రాత్రి పిల్లతో పడుకునే మనిషి కూడా ఉండాలి, వాళ్ళకే ముఖ్యం. కాగితం వాళ్ళ చేత చదివించి, "అయితే ఇప్పుడు 62 ఉంది, ఏం చేస్తారు" అని అడగండి, ఏమీ అనుకోరు. మాట్లాడేది వీలైనంత వరకు పిల్లనే మాట్లాడనివ్వండి.

మొదటి రోజు షుగర్ పైకెళ్తుంది, బస్సులో కూర్చునే ఉంటారు, ఉత్సాహం, భయం అన్నీ కలిసి. అది చూసి పెద్ద కరెక్షన్ కొట్టేస్తే మధ్యాహ్నం పరుగుల్లో ఒకేసారి కిందకి జారిపోతుంది. మాకదే జరిగింది, అది కూడా నా సలహా మీదే, నేనే ఫోన్‌లో పూర్తి డోసు ఇమ్మన్నాను. సాయంత్రం 52. అప్పట్నించి మొదటి రోజు సగమే.

ఏడో పని: ఆ వారం

ఈతకి ముందు తప్పకుండా చూడాలి, నీళ్ళలో లో అయితే అది వేరే స్థాయి ప్రమాదం, పక్కన విషయం తెలిసిన పెద్దవాళ్ళు ఉండాలి, చక్కెర గట్టు మీదే ఉండాలి. పంపు తీసి దిగితే గంట, మహా అయితే రెండు గంటల్లో మళ్ళీ తగిలించుకోవాలి, ఆటలో పడి మర్చిపోతారు, అందుకే ఎవరు గుర్తుచేస్తారో పేరు రాసుకోవాలి. చెమట, నీరసం ఎండ వల్లా వస్తాయి లో వల్లా వస్తాయి, అనుమానం వస్తే వేలు గుచ్చి చూడ్డమే. షుగర్ త్వరగా మారుతున్నప్పుడు సెన్సర్ కాస్త వెనకబడుతుంది, రాత్రి ఆ చేతి మీదే పడుకుంటే లేని లో చూపిస్తుంది, ఒంటికీ అంకెకీ పొంతన లేకపోతే మీటర్‌నే నమ్మాలి. పడుకునే ముందు ఒకసారి, రాత్రి రెండు మూడు మధ్య ఒకసారి, ఇది వారమంతా, ముఖ్యంగా బాగా ఆడిన రోజు. తక్కువలు వరసగా వస్తుంటే తిండి కుక్కడం కాదు, బేసల్ ఇంకా తగ్గించాలి, దానికి డాక్టర్‌కి ఫోన్.

మరి మనం? ఫోన్‌లో దాని గ్రాఫ్ నాకు కనపడుతూనే ఉంటుంది కదా, మొదటి రోజు పదకొండుసార్లు మెసేజ్ పెట్టాను. వాళ్ళు మర్యాదగానే రాశారు, అమ్మా, మేము పాపని చూడాలా మీకు జవాబివ్వాలా అని. ఆ తర్వాత రోజుకి ఒక ఫోన్, సాయంత్రం ఏడింటికి, అత్యవసరమైతే వాళ్ళే చేస్తారు. ఈ ఒప్పందం మీరు వెళ్ళే ముందే చేస్కోండి.

ఎనిమిదో పని: తిరిగొచ్చాక

ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ ఇంకా గట్టిగానే పనిచేస్తుంది, ఇంటికొచ్చింది కదా అని ఆ రాత్రే పాత డోసు పెట్టేయకండి, రెండు రాత్రులు లేచి చూడండి, అంకెలు పైకెక్కడం మొదలయ్యాక డాక్టర్ చెప్పినట్టు మెల్లిగా పాత డోసుకి రండి. ఎండలో తిరిగిన ఇన్సులిన్ మీద అనుమానం ఉంటే కొత్తది తెరవండి. బ్యాగ్ దులిపేటప్పుడు సూదులు జాగ్రత్త.

లాగ్ పుస్తకం గేటు దగ్గరే తెరవకండి. నాకు చెయ్యి లాగేసింది గానీ ఆపుకున్నా, మూడు రోజులు కథలన్నీ విన్నాక అప్పుడు ఇద్దరం కూర్చుని చూశాం. బుధవారం రాత్రి 61 ఉంది, పక్కన దాని చేతిరాతతో "నేనే లేచా, అక్కని లేపా" అని ఉంది.

వచ్చే ఏటికి పనికొస్తుందని ఆ ఒక్క పేజీ కాగితం కూడా దాని ముందు పెట్టి, ఏం మార్చాలో మార్చు అన్నాను. డోసులు ముట్టుకోలేదు. కింద నేను రాసిన "లో అయితే చెప్పదు" అన్న లైను కొట్టేసి, పక్కన "చెప్తుంది" అని రాసింది.